మట్టిలో నీరు మోసే బరువు

చిరంజీవులకు ఆశీస్సులు.

సాయిల్ మెకానిక్స్, అంటే మట్టి బలాన్నీ కుంగుబాటునూ లెక్కగట్టే శాస్త్రం, మొదలైందనీ, ఫార్ములాలు ఒకదాని మీదొకటి వచ్చి పడుతున్నాయనీ, ఏది దేనికో తెలియడం లేదనీ రాశారు. వాటిలో ఒక్కదాన్ని గట్టిగా పట్టుకోండి, మిగతావి చాలావరకు దాని వెంటే వస్తాయి. అది ఎఫెక్టివ్ స్ట్రెస్. ఈ ఉత్తరమంతా దాని గురించే.

వాయిడ్ రేషియో, పోరోసిటీ, తేమశాతం లాంటివాటి గురించి ఎక్కువ చెప్పను. మట్టి అంటే ఘన రేణువులు, వాటి మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లో నీరో గాలో రెండూనో. ఆ మూడింటి వాటాల లెక్కలే ఇవన్నీ. మూడు గళ్ల బొమ్మ గీసుకుని కూర్చుంటే ఒక్క సాయంత్రంలో వచ్చేస్తాయి.

ఇప్పుడు నేలలో 5 మీటర్ల లోతున ఒక బిందువు తీసుకోండి. భూగర్భజలం నేలమట్టం దాకా ఉంది. నీటితో నిండిన మట్టి యూనిట్ వెయిట్ ఘనమీటరుకు 20 కిలోన్యూటన్లు, నీటిది 10 అనుకుందాం. ఆ బిందువు దగ్గర మొత్తం ఒత్తిడి 100 కిలోపాస్కల్. ఖాళీల్లోని నీటి ఒత్తిడి, అంటే పోర్ ప్రెషర్, 50. వంద లోంచి అది తీసేస్తే మిగిలే 50 రేణువుల వాటా. అదే ఎఫెక్టివ్ స్ట్రెస్. మట్టి కుంగినా, గట్టిపడినా, బలం కోల్పోయినా దాన్ని బట్టే.

వరదొచ్చి నేల మీద 3 మీటర్ల నీరు నిలిచిందనుకోండి. మొత్తం ఒత్తిడి 130కి పెరుగుతుంది. పోర్ ప్రెషర్ కూడా 80 అవుతుంది. తేడా ఎంత? మళ్లీ అదే 50. అంత బరువు నెత్తిన పడ్డా మట్టికి ఏమీ తెలియదు. వేల మీటర్ల లోతున్న సముద్రాల అడుగున కూడా బురద మెత్తగానే ఉండటానికి కారణం ఇదే. దీన్ని తిరగేసి చూడండి. పైన ఒక్క ఇటుక కూడా పెట్టకుండా, భూగర్భజలాన్ని తోడేస్తూ పోతే పోర్ ప్రెషర్ తగ్గి, రేణువుల మీద భారం పెరిగి నేల దిగిపోతుంది. మెక్సికో నగరంలో కొన్నిచోట్ల నేల 7 మీటర్లకు పైగా కుంగింది ఇందువల్లే. బరువు పెరిగితేనే నేల కుంగుతుందన్న అలవాటు ఆలోచనను ఇక్కడే వదిలిపెట్టండి.

ఈ సూత్రాన్ని స్పష్టంగా పట్టుకుని, 1925లో దాని మీద ఒక శాస్త్రాన్నే నిలబెట్టినవాడు కార్ల్ టెర్జాగి. నీరు బయటికి పోతూ మట్టి నెమ్మదిగా కుంగి గట్టిపడటాన్ని వివరించే కన్సాలిడేషన్ సిద్ధాంతం కూడా ఆయనదే. 0.002 మిల్లీమీటర్ల కన్నా సన్నని బంకమన్ను రేణువుల మధ్య నుంచి నీరు చాలా నెమ్మదిగా కదులుతుంది. అలాంటి నేల మీద కట్టడం లేపితే, మొదట ఆ బరువంతా నీటి మీదే పడుతుంది. నీరు కొంచెం కొంచెంగా బయటికి పోతున్నకొద్దీ భారం రేణువులకు బదిలీ అవుతుంది, నేల కుంగుతుంది, దాంతోపాటే బలపడుతుంది. ఇందులో మీరు మరిచిపోకూడని సంగతి ఒకటుంది. పట్టే కాలం నీరు పోవలసిన దూరపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. పొర మందం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లు. పొరకు పైనా కిందా ఇసుక ఉంటే నీటికి రెండు దారులు. కింద రాయి తగిలితే దారి ఒక్కటే, మళ్లీ కాలం నాలుగు రెట్లు.

పీసా గోపురం కథ మీకు తెలిసిందే, కానీ కాలం కోణం నుంచి ఒకసారి చూడండి. 1173లో మొదలుపెట్టి, కొన్ని అంతస్తులయ్యాక 1178లో ఆపేశారు. మళ్లీ పని మొదలైంది 1272లో. ఆ తొంభై చిల్లర ఏళ్లలో కిందనున్న మెత్తటి బంకమన్నులోంచి నీరు బయటికి పోయి, మన్ను గట్టిపడింది. ఏకబిగిన కట్టి ఉంటే గోపురం అప్పుడే కూలిపోయేదని దాన్ని పరిశీలించిన ఇంజనీర్లు లెక్కగట్టి చెప్పారు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత దాన్ని నిలబెట్టిన పద్ధతి కూడా నాకెంతో ఇష్టం: ఒరిగిన వైపు ఆసరా పెట్టి ఎత్తలేదు, ఎదుటివైపు పునాది కింద నుంచి మట్టిని కాస్త కాస్తగా తీశారు.

బలం సంగతికొస్తే, రేణువుల మధ్య రాపిడే అసలు బలం. రేణువులు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా నొక్కుకుంటే రాపిడి అంత. వదులుగా ఉన్న, నీటితో నిండిన ఇసుకను భూకంపం కుదిపితే రేణువులు దగ్గరికి జరగబోతాయి. నీరు పోవడానికి వ్యవధి ఉండదు. పోర్ ప్రెషర్ పెరిగి పెరిగి మొత్తం ఒత్తిడితో సమానమైతే ఎఫెక్టివ్ స్ట్రెస్ సున్నా. ఇసుక ద్రవమైపోతుంది. 1964లో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్ భవనాలు పెద్దగా చెదరకుండానే ఒరిగిపోయాయి, ఒకటైతే దాదాపు నేలకు ఆనింది. కాంక్రీటులో లోపం లేదు. కింద ఉన్న ఇసుకే మోయడం మానేసింది.

ఇదంతా అరచేతిలో చూడొచ్చు. కాస్త సిల్టు, అంటే ఇసుక కన్నా సన్నగా, బంకమన్ను కన్నా ముతకగా ఉండే మట్టి, తీసుకుని తడిపి ముద్ద చేసి అరచేతిలో పెట్టుకోండి. రెండో చేత్తో ఆ చేతిని పక్కనుంచి గబగబా తట్టండి. ముద్ద పైకి నీరు ఉబికి మెరుస్తుంది. ఇప్పుడు వేళ్లతో నొక్కండి. మెరుపు ఇట్టే మాయమవుతుంది, ముద్ద బిరుసెక్కి చివరికి పగుళ్లిస్తుంది. తట్టినప్పుడు రేణువులు దగ్గరై నీటిని బయటికి నెట్టాయి. నొక్కినప్పుడు ఒకదాని మీదొకటి ఎక్కుతూ ఖాళీలు పెంచుకున్నాయి, నీటిని లోపలికి లాగాయి. పోర్ ప్రెషర్ పడిపోయింది, ఎఫెక్టివ్ స్ట్రెస్ పెరిగింది, ముద్ద గట్టిపడింది. బంకమన్నుతో చేస్తే ఇదేమీ జరగదు, నీరు అంత వేగంగా కదలలేదు గనక. ఫీల్డులో సిల్టునూ బంకమన్నునూ వేరుచేయడానికి ఇప్పటికీ వాడే పరీక్ష ఇది. తప్పకుండా చేసి చూడండి, పది లెక్కలు చేసినంత లాభం.

రేపు మీ చేతికి బోర్ లాగ్, అంటే బోరు తవ్వినప్పుడు ఏ లోతున ఏముందో రాసిన పట్టిక, వచ్చినప్పుడు, ఎన్ విలువల (నేలలోకి గొట్టం దిగడానికి పట్టిన సుత్తి దెబ్బల లెక్క) దగ్గరికి వెళ్లేముందు నీటిమట్టం ఎక్కడ రాశారో చూడండి. దాని పక్కన తేదీ ఉందా, తవ్విన వెంటనే కొలిచారా, ఆగి కొలిచారా అని అడగండి. బంకమన్నులో బోరు తవ్వగానే కనిపించే మట్టం అసలుది కాదు. నీరు ఊరి నిలకడకు రావడానికి రోజులు పట్టొచ్చు, అలాంటిచోట నేలలోని నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్ పెట్టాల్సిందే. ఎండాకాలం కొలిచిన మట్టంతో వానాకాలపు పునాదికి డిజైన్ చేయకండి.

ఉంటాను. సిల్టు పరీక్ష చేశాక ఏం చూశారో రాయండి.