పాతిక ఇళ్లు అడిగితే ఊరి మలేరియా సంగతి తెలుస్తుందా?

గుంటూరు నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల వీధికి సర్వే వాళ్లు వచ్చి దోమతెరల గురించి, జ్వరాల గురించి అడిగారట. ఒక ఇంటికి వెళ్లి, మళ్లీ పది ఇళ్లు దాటి ఇంకో ఇంటికి వెళ్లారట, అలా మొత్తం పాతిక ఇళ్లే అడిగారట. "మా ఇంటికి రాలేదు. లక్షల మంది ఉన్న ఊళ్లో అక్కడొకటి ఇక్కడొకటి అడిగితే ఏం తెలుస్తుంది? ఆస్పత్రుల్లో లెక్కలు ఉంటాయి కదా?" అన్నారు.

ఆస్పత్రి లెక్కలో ఆస్పత్రికి వచ్చినవాళ్లే ఉంటారు. మందుల షాపులో పారాసెటమాల్ కొనుక్కున్నవాళ్లు, ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నవాళ్లు, ఏ మందూ లేకుండా మూడు రోజులు పడుకుని లేచిన కూలీలు అందులో కనపడరు. దోమతెర కింద పడుకుని జబ్బు తప్పించుకున్న మనిషిని ఏ రిజిస్టరూ రాసుకోదు. వీళ్లందరి సంగతి తెలియాలంటే ఇంటికి వెళ్లి అడగాల్సిందే. మలేరియా దోమతో ఎలా వస్తుందో, 1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దాన్ని ఎలా పట్టుకున్నాడో బడిలో చదివిందే కాబట్టి దాటేస్తాను. నాకు ఆసక్తి అంతా ఆ పాతిక ఇళ్ల మీదే.

గుంటూరు వాళ్లకు మచ్చు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి రంగు, తేమ, తాలు చూసి ధర చెబుతాడు. టిక్కీలన్నీ కుమ్మరించడు. కానీ పది గుప్పెళ్లు చూడాలనుకుంటే ఒకే టిక్కీలోంచి పదీ తీయడు, పది టిక్కీల్లోంచి ఒక్కొక్కటి తీస్తాడు. ఒక టిక్కీలోని కాయలన్నీ ఒకే చేలో పండి, ఒకే కల్లంలో ఎండినవి. మొదటి గుప్పెడు చెప్పిన సంగతే రెండోదీ చెబుతుంది. ఇరుగుపొరుగు ఇళ్లూ అంతే. ఒకే ఆశా కార్యకర్త, ఒకే మందుల షాపు, పైన ఒకే రకం మూతలేని ట్యాంకులు. (పట్టణాల్లో మలేరియా మోసే స్టీఫెన్సై దోమ పెరిగేది ఆ ట్యాంకుల మంచినీళ్లలోనే. మురుగుకాలవలో పెరిగేది ఎక్కువగా క్యూలెక్స్, అది మలేరియా మోయదు.)

ఇరుగుపొరుగు ఇళ్లు ఎంత ఒకేలా ఉంటాయో చెప్పడానికి గణాంకశాస్త్రంలో ఒక సంఖ్య ఉంది. అది 0.1 అనుకుందాం. ఒక్కో చోట 25 ఇళ్లు అడిగితే, 25లోంచి ఒకటి తీసేసి 0.1తో గుణించి ఒకటి కలపాలి. 3.4 వస్తుంది. అడిగిన ఇళ్ల సంఖ్యను దీంతో భాగించాలి. అంటే 40 చోట్ల 25 చొప్పున వెయ్యి ఇళ్లు అడిగినా, ఊరంతా విడివిడిగా ఏరుకున్న 294 ఇళ్లు చెప్పినంతే చెబుతాయి. అదే వెయ్యి ఇళ్లను 100 చోట్ల పది చొప్పున అడిగితే ఆ 3.4 కాస్తా 1.9కి దిగుతుంది. అప్పుడు 526 ఇళ్ల విలువ వస్తుంది. పడిన కష్టం వెయ్యి ఇళ్లదే, తెలిసింది దాదాపు రెట్టింపు! మరి పాతిక చొప్పున ఎందుకు అడుగుతారంటే, వంద చోట్లకు మనుషుల్ని, బండిని పంపడానికి డబ్బు చాలదు.

టిక్కీల్లాగే ఊళ్లో ప్రాంతాలూ అన్నీ ఒకే సైజులో ఉండవు. అందుకే ఎక్కువ ఇళ్లున్న ప్రాంతం ఎంపికయ్యే అవకాశాన్ని ఆ లెక్కకే పెంచుతారు. అలాంటి చోట పాతిక ఇళ్లే తీస్తే ఒక్కో ఇంటి అవకాశం తగ్గుతుంది. రెండూ గుణిస్తే ఊళ్లో ప్రతి ఇంటికీ సమాన అవకాశం. ఆ ప్రాంతంలో 250 ఇళ్లుంటే పదింటికొకటి: లాటరీలో 7 వస్తే 7, 17, 27... పాఠకురాలి ఇల్లు 18వది అయ్యుంటుంది.

యార్డులో పైన మంచి కాయలు పరిచి అడుగున తాలు పెట్టిన టిక్కీలూ వస్తాయి. పైనుంచే తీస్తే మోసపోతాం. సర్వేలో ఆ పైపొర, రోడ్డు మీద తలుపు తీసి ఉన్న ఇల్లు. విజయవాడ వన్‌టౌన్‌లో మెట్లెక్కి వెళ్లాల్సిన కొండమీది ఇళ్లు, పొద్దున్నే పనికి పోయి తాళం వేసే ఇళ్లు అడుగున ఉంటాయి. అందుకే తాళం ఉందని పక్కింటికి వెళ్లకూడదు. సాయంత్రం మళ్లీ రావాలి, మర్నాడు మళ్లీ రావాలి. ఈ ఒక్క నియమం తప్పితే మిగతా లెక్కంతా వృథా. మన కాలేజీల్లో సగటు, విచలనం సూత్రాలు బట్టీ పట్టిస్తారు గానీ, పిల్లల్ని తాళం వేసిన ఇంటికి రెండోసారి పంపరు. నాకు ఇది నిజంగా బాధ.

ఇక ప్రశ్నలు. "దోమతెర వాడతారా?" అంటే అందరూ అవుననే అంటారు. అందుకే ఇంట్లో ఉన్న ప్రతి తెరనూ చూసి, "రాత్రి దీని కింద ఎవరెవరు పడుకున్నారు?" అని అడుగుతారు. రాత్రి సంగతి మర్చిపోరు, మర్యాద కోసం కల్పించడమూ కష్టం. ఒక తెర ఇద్దరికి సరిపోతుందని లెక్క. ఒక ఇంట్లో ఐదుగురికి ఒక తెర, ఇంకో ఇంట్లో ఇద్దరికి మూడు తెరలు ఉన్నాయనుకోండి. ఏడుగురికి నాలుగు తెరలు, చాలినన్ని ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఇద్దరి ఇంటికి ఇద్దరి వరకే లెక్క. ఏడుగురిలో నలుగురికే తెర అందింది, 57 శాతం. పంచిన తెరల లెక్కలో ఆ తేడా దొరకదు. ఈ సర్వేను వానలు ముగిసే రోజుల్లో పెడితేనే మేలు, ఎండాకాలంలో తెర మడిచి అటక మీద పెట్టేస్తారు.

జ్వరం గురించి గత రెండు వారాల సంగతే అడుగుతారు, అంతకు ముందుది సరిగ్గా గుర్తుండదు. ఒకప్పుడు జ్వరం వచ్చిన పిల్లల్లో ఎంతమందికి మలేరియా మందు అందిందో చూసేవారు. మన కృష్ణా, గుంటూరు మైదానాల్లో జ్వరాల్లో ఎక్కువ భాగం మలేరియా కాదు, ఆ శాతం పెరిగితే సంతోషించాలా? ముందు పరీక్ష, తర్వాతే మందు అని 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పాక, "వేలి నుంచి గానీ మడమ నుంచి గానీ రక్తం తీశారా?" అన్నదే అసలు ప్రశ్న అయింది.

"ముందు ఎక్కడికి తీసుకెళ్లారు?" అన్నప్పుడు ఒక తల్లి "గాలి సోకిందని తాయెత్తు కట్టించాం" అంటుంది. అడిగే అమ్మాయి ముఖం కాస్త మారినా, తర్వాతి ఇంట్లో జవాబు "పెద్దాస్పత్రికి" అని వస్తుంది. తాయెత్తుతో మలేరియా తగ్గదు, ఆ మాట గట్టిగానే చెప్పాలి, కానీ సర్వే చేస్తున్నప్పుడు కాదు. తాయెత్తు దగ్గర ఎన్ని రోజులు పోయాయో తెలిస్తేనే ఆ రోజుల్ని తగ్గించగలం.

మన దగ్గర ఇంకొక్క ప్రశ్న తప్పక కలపాలంటాను. వైవాక్స్ అనే రకం మలేరియాకు క్లోరోక్విన్ మూడు రోజులే, కాలేయంలో దాక్కున్న పరాన్నజీవిని చంపే ప్రైమాక్విన్ మాత్రం 14 రోజులు వాడాలి. జ్వరం తగ్గగానే చాలామంది ఆపేస్తారు, నెలల తర్వాత అదే జ్వరం దోమ కుట్టకుండానే తిరగబెడుతుంది. "మందులన్నీ వాడారా?" అంటే ఇక్కడా అవుననే అంటారు. "ఆ మాత్రల అట్ట ఒకసారి చూపిస్తారా అమ్మా?" అని అడిగితే, మిగిలిన మాత్రలు లెక్కపెట్టుకోవచ్చు.