స్టీరింగ్ వదిలేశాక బావ కూడా పాసింజరే

హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తూ చౌటుప్పల్ దాటాక మా బావ అడాప్టివ్ క్రూజ్ కంట్రోల్ ఆన్ చేశాడు. అంటే ముందు బండిని చూసుకుంటూ కారు తన వేగాన్ని తనే సర్దుకునే ఏర్పాటు. కారు కొత్తది, ఉత్సాహమూ కొత్తదే. వేగం తొంభైకి పెట్టి, కాళ్లు రెండూ వెనక్కి లాక్కుని కూర్చున్నాడు. ముందున్న లారీకీ మాకూ మధ్య కారు తనంతట తనే ఖాళీ వదిలింది. ఆ ఖాళీలోకి ఇంకో కారు దూరింది. మాది బ్రేకు వేసుకుని మళ్లీ ఖాళీ వదిలింది. ఈసారి ఒక బైకు. పది నిమిషాలకే బావకు ఓపిక పోయింది. "ఇదేంట్రా, అందరికీ దారిచ్చుకుంటూ పోతే మనం చేరేదెప్పుడు?" అంటూ దాన్ని ఆపేసి తనే నడపడం మొదలుపెట్టాడు. ఇంకో ఇరవై నిమిషాలకు వెనక సీట్లోంచి అక్క, "కవరుందా?" అంది.

మరి ఆ కారు బావలాగే నడిపి ఉంటే? కార్ల పరిశోధకులు చాలా ఏళ్లుగా దీని మీదే పనిచేస్తున్నారు. యజమాని అలవాటు పట్టుకుని, అచ్చం అతనిలా నడిపే కారు.

ముందు ఆ ఖాళీ సంగతి చూద్దాం. దాన్ని మీటర్లలో కాకుండా సెకన్లలో కొలుస్తారు. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. రెండు సెకన్ల ఎడం అంటే 50 మీటర్లు, నాలుగు లారీలు వరసగా పట్టేంత చోటు. స్టీరింగ్ మీదున్న బటన్ నొక్కితే ఆ ఎడం కొంత తగ్గుతుంది, కొంత పెరుగుతుంది, అంతే. ఎంత ఎడమో ఎదురుగా తెర మీద గీతల్లో కనిపిస్తుంది. రెడీమేడ్ చొక్కాలో చిన్న సైజు, పెద్ద సైజు ఉన్నట్టు. దర్జీ దగ్గర కొలతలిచ్చి కుట్టించుకున్నట్టు కావాలంటే ముందు ఆ కొలతలేమిటో తెలియాలి కదా.

2000లో ముగ్గురు జర్మన్ శాస్త్రవేత్తలు, మార్టిన్ ట్రైబర్, అన్స్‌గార్ హెన్నెకె, డిర్క్ హెల్బింగ్, ముందు బండిని వెంబడించే డ్రైవరు తీరును ఒక సమీకరణంలో పెట్టారు. దారి ఖాళీగా ఉంటే ఎంత వేగంతో పోతాడు, ముందు బండికి ఎన్ని సెకన్ల ఎడం ఇస్తాడు, ఎంత జోరుగా వేగం పెంచుతాడు, ఇబ్బంది పడకుండా ఎంత గట్టిగా బ్రేకు వేస్తాడు, జామ్‌లో ఆగినప్పుడు ఎంత దగ్గరగా ఆపుతాడు. ప్రధానంగా ఈ ఐదు అంకెలే. మా బావ మొత్తం స్వభావం ఐదు అంకెల్లో ఇమిడిపోతుందంటే ఆయన ఒప్పుకోడు గానీ, హైవే మీద వరకు చాలామటుకు ఇమిడిపోతుంది.

మనం సొంతంగా నడిపేటప్పుడు కెమెరా, రాడార్ ఈ కొలతలు తీసుకుంటూ ఉంటే చాలు. హ్యుందాయ్ గ్రూపు 2019 అక్టోబరులో ప్రకటించిన క్రూజ్ కంట్రోల్ చేసేది ఇదే. వదిలే దూరం, వేగం పెంచే తీరు, ఎంత త్వరగా స్పందిస్తామన్నది గమనించి, పది వేలకు పైగా నమూనాలను వేరు చేసి గుర్తిస్తుందని కంపెనీ చెప్పింది. ప్రమాదకరమైన అలవాట్లను మాత్రం నేర్చుకోకుండా తయారుచేశామని అదే ప్రకటనలో ఉంది. అసలు కథ ఈ వాక్యంలోనే ఉందని నాకనిపిస్తుంది. నేర్చుకోవడం యంత్రానికి పెద్ద కష్టం కాదు. ఏది నేర్చుకోకూడదో దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

2004లో స్టాన్‌ఫర్డ్‌లో పీటర్ అబీల్, ఆండ్రూ ఇంగ్ చేసిన పని చూస్తే ఇది బాగా తెలుస్తుంది. వాళ్లది శిష్యరికం పద్ధతి. నడిపి చూపించే మనిషి గురువు, కంప్యూటర్ శిష్యుడు. గురువు స్టీరింగ్ ఎటు తిప్పాడన్నది కాదు, అలా తిప్పడంలో అతను దేనికి విలువ ఇస్తున్నాడన్నది శిష్యుడు ఊహించాలి. ఢీకొట్టకపోవడానికా, కుడి లేన్‌కా, వేగానికా? కంప్యూటర్‌లో తయారుచేసిన హైవే మీద ఒక్కో తీరును రెండేసి నిమిషాలు నడిపి చూపించారు. వాటిలో ఒకటి మర్యాదస్తుడి తీరు. ఇంకొకటి, కావాలని వీలైనన్ని బండ్లను గుద్దుకుంటూ పోయే తీరు. శిష్యుడు రెండింటినీ చక్కగా పట్టేశాడు. చూపించింది నేర్చుకోవడమే అతని పని, గురువు మంచిచెడ్డలు అతనికి అక్కర్లేదు.

అది ప్రయోగశాలలో ముచ్చట. రోడ్డు మీద జరిగింది ఇంకోటి. అమెరికాలో స్టాప్ బోర్డు కనపడితే బండి పూర్తిగా ఆగాలి. ఎవరూ లేరనుకుంటే చాలామంది ఆగరు, నెమ్మదిగా దొర్లించుకుంటూ పోతారు. టెస్లా తన ఆటోమేటిక్ డ్రైవింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఈ అలవాటును కూడా ఇచ్చింది. చుట్టుపక్కల బండ్లు, మనుషులు కనపడకపోతే గంటకు 9 కిలోమీటర్ల లోపు వేగంతో ఆగకుండా దాటొచ్చు. అక్కడి రహదారి భద్రతా సంస్థ అభ్యంతరం చెప్పడంతో 2022 ఫిబ్రవరిలో 53,822 కార్లలో దాన్ని తీసేయాల్సి వచ్చింది. మనిషి చేస్తే 'అందరూ చేసేదేగా' అని ఊరుకునే పని, యంత్రంలో రాసిపెట్టేసరికి రీకాల్ అయింది, అంటే కంపెనీ అమ్మిన కార్లన్నింటిలో సరిచేయాల్సిన లోపమైంది. అలా అవడమే సరైనదని నా అభిప్రాయం.

ఇప్పుడు అక్క కవరు దగ్గరికి వద్దాం. బావ నడిపేటప్పుడు బావకు ఎప్పుడూ కడుపులో తిప్పదు. బ్రేకు వేయబోయేది తనే కాబట్టి ఆ కుదుపు వస్తుందని అతని మెదడుకు ముందే తెలుసు, మెడ ముందే బిగుసుకుంటుంది. వెనక ఫోన్ చూసుకుంటున్న అక్కకు ఆ కబురు అందదు. కళ్లు కదలడం లేదంటాయి, చెవి లోపలి సమతుల్య అవయవం ఊగుతున్నాం అంటుంది. ఆ తగాదాకే వికారం. అలాంటప్పుడు కారే నడుపుతుంటే బావ కూడా అక్క పక్షానికి వచ్చేసినట్టే. తన బ్రేకే తనకు కుదుపవుతుంది.

ఇది ఉత్త ఊహ కాదు. 2017లో కాలిఫోర్నియాలోని బర్క్లీ పరిశోధకులు కొందరి చేత సిమ్యులేటర్‌లో కారు నడిపించారు. తర్వాత వాళ్లనే కూర్చోబెట్టి రకరకాల తీరుల్లో కారును దానంతట నడిపించారు. వాటిలో వాళ్ల సొంత తీరు కూడా ఉంది, ఏది ఎవరిదో చెప్పలేదు. మొత్తం మీద జనం ఇష్టపడింది తమకంటే నిదానంగా నడిపే కారును. తమాషా ఏమిటంటే, తమకు నచ్చినదే తమ తీరని అనుకున్నారు! పాల్గొన్నది పదిహేను మందే, దీన్నే శాసనంగా తీసుకోనక్కర్లేదు. అయినా మనం ఎలా నడుపుతామన్నది మనకే సరిగా తెలియదన్న మాట, పక్క సీట్లో కూర్చున్న ఎవరినడిగినా నిజమే అంటారు.

బావ ప్రశ్నకూ జవాబు చెప్పాలి. అందరికీ దారిచ్చుకుంటూ పోతే ఎప్పుడు చేరతాం? రెండు సెకన్ల ఎడంలో ఒక బండి దూరితే, మళ్లీ అంత ఎడం రావడానికి మనం వెనకబడేది సుమారు రెండు సెకన్లే. సూర్యాపేట చేరేలోపు ముప్పై బండ్లు దూరినా పోయేది ఒక్క నిమిషం. టీ చల్లారేంత టైం కూడా కాదు. బావకు పోయింది టైం కాదులెండి.

ఇంకో చిక్కుంది. మన తీరు నేర్చుకున్న కారు దగ్గర మన వేలిముద్ర లాంటిది ఉన్నట్టే. 2016లో అమెరికా పరిశోధకులు పదిహేను మంది డ్రైవర్ల మీద పరీక్షించి చూస్తే, పావుగంట సేపు బ్రేకు పెడల్ కదలికలు చాలు, నడిపింది ఎవరో 87 శాతం కచ్చితంగా చెప్పగలిగారు. జనరల్ మోటార్స్ కార్ల నుంచి డ్రైవింగ్ వివరాలు డేటా కంపెనీల ద్వారా బీమా సంస్థలకు చేరుతున్నాయని 2024లో పత్రికల్లో బయటపడింది. అలాంటి డేటా కంపెనీలకు ఐదేళ్ల పాటు ఆ వివరాలు ఇవ్వకూడదంటూ 2025 జనవరిలో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆంక్ష ప్రతిపాదించింది.

ఆ రోజు సూర్యాపేటలో టీకి ఆగాం. మళ్లీ బయల్దేరేటప్పుడు అక్క ముందు సీట్లోకి మారింది. "ఆ క్రూజేదో పెట్టండి. గీతలు ఎన్నుంటే అన్నీ పెట్టండి" అంది. బావ ఏమీ అనకుండా బటన్ నొక్కి, ఎడం ఉన్నంత ఎక్కువకు పెంచాడు. ఒకవేళ అది నేర్చుకునే రకం కారైతే, అదంతా బావ అలవాటు కిందే రాసుకుని ఉండేది.