మూడు గంటల రూలు: పాఠం చెప్పే లాయర్లు, మానసిక ఆరోగ్య చట్టం

లా కాలేజీలో కాంట్రాక్టు చట్టం చదివినవాళ్లకి 12వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. పిచ్చాసుపత్రిలో ఉన్న రోగికి మధ్యమధ్యలో మనసు కుదుటపడుతూ ఉంటే, ఆ సమయాల్లో అతను ఒప్పందం చేసుకోవచ్చు. 1872లోనే ఈ మాట రాశారు! జబ్బు ఉందా లేదా అన్నది కాదు అక్కడ ప్రశ్న, సంతకం పెట్టే వేళకి ఆ విషయం మనిషికి అర్థమైందా లేదా అన్నదే. అదే కాలేజీలో సివిల్ కేసులు ఎలా నడపాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ దగ్గరికొచ్చేసరికి ఆర్డర్ 32 ఎదురవుతుంది. మతిస్థిమితం లేదని కోర్టు తేల్చిన మనిషి తన దావా తాను వేయలేడు, అతని తరఫున 'నెక్స్ట్ ఫ్రెండ్' పేరుతో ఇంకొకరు వేయాలి, అంటే వకాల్తా మీద సంతకం కూడా ఆ మనిషిది కాదు. ఆ సంతకం పెట్టేవాళ్లకే ఆస్తిలో వాటా ఉంటే ఏమవుతుందో మన ఊళ్లలో ఎవరినడిగినా చెప్తారు.

ఈ రెండు పాఠాలూ ఎక్కడ ఢీకొంటాయో చూడాలంటే క్లాసులోనూ ఉండాలి, కోర్టులోనూ ఉండాలి. మన దగ్గర అలాంటివాళ్లు ఎందుకు తక్కువో తెలియాలంటే బార్ కౌన్సిల్ రూల్సు చూడాలి. 49వ రూలు ప్రకారం ఫుల్‌టైమ్ జీతగాడు ప్రాక్టీసు చేయకూడదు. 1979లో వచ్చిన వేరే నిబంధనలు కొంత వెసులుబాటు ఇచ్చాయి: రోజుకు మూడు గంటలు మించకపోతే లాయరు లా పాఠాలు చెప్పొచ్చు, జీతం ఏ పద్ధతిలో ఇచ్చినా సరే దాన్ని పార్ట్‌టైమ్ కిందే లెక్కేస్తారు. యూనివర్సిటీలో ఫుల్‌టైమ్ ప్రొఫెసర్ల సంగతి వేరు, వాళ్లు నల్లకోటు వేసుకోవడం కుదరదని 2002లో ఢిల్లీ హైకోర్టు తేల్చేసింది.

కాబట్టి ప్రొఫెసర్లు వేరే దారి పట్టారు. లాయర్లుగా వెళ్లలేనప్పుడు పిటిషనర్లుగా వెళ్లారు. 1981లో ఉపేంద్ర బక్షి, లోతికా సర్కార్ అనే ఇద్దరు లా ప్రొఫెసర్లు ఆగ్రాలోని ప్రొటెక్టివ్ హోమ్‌లో ఆడవాళ్ల దుస్థితి గురించి సుప్రీంకోర్టుకి ఉత్తరం రాస్తే, కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1993లో షీలా బార్సే కేసులో తీర్పు వచ్చింది. ఆవిడ టీచర్ కాదు, జర్నలిస్టు. ఏ నేరమూ చేయని మానసిక రోగుల్ని జైళ్లలో పెట్టడం చట్టవిరుద్ధమని ఆ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1912 నాటి లూనసీ చట్టం పోయి 1987 మానసిక ఆరోగ్య చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. అయినా 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయానికి నిప్పంటుకుంటే 28 మంది చనిపోయారు. వాళ్లను గొలుసులతో కట్టేసి ఉంచారు. అది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఈ కథలో మన హైదరాబాదుకీ పెద్ద పాత్రే ఉంది. శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ అమితా ధండా, మానసిక రోగుల విషయంలో మన చట్టాలూ కోర్టులూ ఎలా నడుచుకున్నాయో ఏళ్ల తరబడి తవ్వి తీశారు, తర్వాత వికలాంగుల హక్కుల ఒడంబడిక మీద ఐక్యరాజ్యసమితిలో జరిగిన చర్చల్లోనూ పాల్గొన్నారు. చట్టం ముందు అందరికీ సమానమైన సామర్థ్యం ఉందని చెప్పే 12వ ఆర్టికల్ ఉన్నది ఆ ఒడంబడికలోనే. 2007 అక్టోబరులో భారత్ దాన్ని ఆమోదించింది, కాబట్టి చట్టం మార్చక తప్పలేదు. అలా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది, 2018 మే 29 నుంచి అమలైంది.

ఆ చట్టంలో 4వ సెక్షన్ ఒకసారి నిదానంగా చదవండి. వైద్యం గురించి రోగికి అర్థమయ్యే తేలిక భాషలో చెప్పాలి, సైగలతోనో బొమ్మలతోనో అయినా సరే. రోగి తన నిర్ణయాన్ని నోటితోనే చెప్పక్కర్లేదు, సైగతో చెప్పినా చాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: రోగి నిర్ణయం మిగతావాళ్లకి తప్పుగా అనిపించినంత మాత్రాన అతనికి నిర్ణయం తీసుకునే సామర్థ్యం లేదనడానికి వీల్లేదు. నాకు ఈ వాక్యం అంటే చాలా గౌరవం. మందు వద్దన్నవాడిని 'మతి లేకే అలా అంటున్నాడు' అని కొట్టిపారేయడం మన ఇళ్లలో ఎంత మామూలో తెలిసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

27వ సెక్షన్ రోగికి ఉచిత న్యాయసాయం హక్కుగా ఇచ్చింది, కానీ సాయానికి వచ్చే లాయరుకి 4వ సెక్షన్ ఎవరు నేర్పాలి? లా చదువు మీద బార్ కౌన్సిల్ పెట్టిన 2008 రూల్స్ ప్రకారం ప్రతి లా కాలేజీలో లీగల్ ఎయిడ్ క్లినిక్, అంటే ఉచిత న్యాయసాయ కేంద్రం, ఉండి తీరాలి. స్టూడెంట్స్ ఆస్పత్రికి వెళ్లి రోగితో మాట్లాడగలరు, దరఖాస్తు రాసిపెట్టగలరు. వాళ్ల వెనక ఉండి నేర్పే ఫుల్‌టైమ్ టీచరు కోర్టులో వాదించలేరు, అయితే రోగుల ఫిర్యాదులు వినడానికి ఈ చట్టం కిందే ఏర్పడే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు దగ్గర చట్టం ఒక తలుపు తెరిచి పెట్టింది. అక్కడ రోగి తనే మాట్లాడొచ్చు, లాయర్ని పెట్టుకోవచ్చు, లేదా తనకు నచ్చిన ప్రతినిధిని తెచ్చుకోవచ్చు. ఆ ప్రతినిధికి నల్లకోటు అక్కర్లేదు, కాబట్టి లా టీచర్లు ఎక్కువగా అడుగుపెట్టాల్సింది అక్కడేనని నా గట్టి అభిప్రాయం. బోర్డు కాదంటే మాత్రం 30 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు వేసుకోవాలి. అప్పటిదాకా రోగి పక్కనే కూర్చుని కేసంతా తెలుసుకున్న ఆ టీచరు, హైకోర్టు మెట్ల దగ్గర ఫైలు ఇంకొకరి చేతికి ఇచ్చి వెనక్కి రావాల్సిందే.