పుల్లని యాపిల్, చల్లని వంటిల్లు: మనకు రెండూ లేవు

విశాఖలో పూర్ణా మార్కెట్‌కు వెళ్లినా, వీధి చివర తోపుడు బండి దగ్గర ఆగినా కనిపించే యాపిల్ ఎక్కువగా ఒకే రకం. ఎర్రటి తొక్క, కింద కాస్త కోసుగా ఉండే ఆకారం, పులుపు పెద్దగా తెలియని తీపి. అది డెలీషియస్ జాతి పండు. ఇంటర్నెట్‌లో దొరికే యాపిల్ వంటకాల కొలతలు చాలావరకు ఇంగ్లండ్, అమెరికా వంటిళ్లలో పుట్టినవి. అక్కడ వంటకు వాడేది గ్రానీ స్మిత్, బ్రామ్లీ లాంటి పుల్లని రకాలు. బల్ల మీద పెట్టిన వెన్న కాసేపటికి కూడా కరగని చల్లదనం ఆ వంటిళ్లది. ఆ కొలతలు చూసి ఇక్కడ బేకింగ్ మొదలుపెట్టినవాళ్లకు ముక్కలు గుజ్జయిపోతాయి, పైపొర నానిపోతుంది, రుచి చప్పగా వస్తుంది. పాపం, నింద ఓవెన్ మీద పడుతుంది.

మనకు తియ్యని పండే ఎందుకు దొరుకుతుందన్నదానికి ఒక చిన్న చరిత్ర ఉంది. ఆంగ్లేయులు హిమాలయాల్లో మొదట నాటిన యాపిళ్లలో పుల్లని రకాలు ఎక్కువ. అవి మనవాళ్లకు అంతగా నచ్చలేదు. అమెరికా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన శామ్యూల్ ఎవాన్స్ స్టోక్స్ 1916లో సిమ్లాకు పైన కోట్‌గఢ్ ప్రాంతంలో రెడ్ డెలీషియస్ మొక్కలు నాటించాడు. తర్వాత ఆయన పేరు సత్యానంద్‌గా మార్చుకున్నాడు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకూ వెళ్లాడు. ఆయన తెచ్చిన తియ్యని పండు హిమాచల్ కొండల జాతకాన్నే మార్చేసింది. చేతిలో పట్టుకుని కొరుక్కు తినడానికి అది మంచి పండు. పొయ్యి ఎక్కించేటప్పుడే కాస్త సాయం కావాలి.

ఆ సాయం ఏమిటో తెలియాలంటే పండు లోపలికి వెళ్లాలి. యాపిల్ బరువులో దాదాపు 85 శాతం నీరే. ఆ నీరు కోట్ల కణాల్లో నిండి ఉంటుంది. కణాలు ఇటుకలైతే వాటి మధ్య సిమెంటులా అతికించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. వేడి 80 డిగ్రీలు దాటి పైకి వెళ్లేకొద్దీ పెక్టిన్ కరగడం మొదలవుతుంది, కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, ముక్క మెత్తబడుతుంది. పులుపు తగినంత ఉంటే ఈ పెక్టిన్ అంత తొందరగా విడిపోదు. గ్రానీ స్మిత్ ముక్క ఓవెన్‌లోంచి ముక్కలాగే బయటికి రావడానికి ఇదొక కారణం. డెలీషియస్‌లో యాపిల్‌కు పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం తక్కువ. పైగా కోసిన తర్వాత కూడా పండు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, ఆ శ్వాసలో ఖర్చయ్యేవాటిలో ఈ ఆమ్లం కూడా ఒకటి. కోత జులై నుంచి నవంబరు వరకు సాగుతుంది. వేసవిలో మనం కొనే దేశవాళీ పండు నెలల తరబడి శీతల గిడ్డంగిలో ఉండి వచ్చినదే. అప్పటికి ఉన్న కాస్త పులుపు కూడా తగ్గిపోయి ఉంటుంది.

కాబట్టి నిమ్మకాయ. నాలుగు యాపిళ్ల ముక్కలకు ఒక టేబుల్ స్పూన్ రసం చాలు. చప్పదనం పోతుంది, ముక్క ఆకారం కొంత నిలుస్తుంది. కోసిన ముక్క నల్లబడకుండా ఉండటం మూడో లాభం. ముక్క కోయగానే కణాలు తెగి, లోపలి ఫినాల్ పదార్థాలకు గాలిలోని ఆక్సిజన్ తగులుతుంది. పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ రెంటినీ కలిపి గోధుమ రంగు తెస్తుంది. నిమ్మరసం పులుపుకు ఆ ఎంజైమ్ మందగిస్తుంది. అందులోని విటమిన్ సి పుట్టబోయే రంగును వెనక్కి తిప్పుతుంది. బేక్ చేశాక రంగు ఎలాగూ ముదురుతుంది కాబట్టి దీని గురించి మరీ టెన్షన్ పడక్కర్లేదు.

పండు ఎంచుకునేటప్పుడు గట్టిగా, బరువుగా ఉన్నది తీసుకోండి. కొన్ని యాపిళ్లు కొరికితే పిండిపిండిగా, రసం లేనట్టు ఉంటాయి. నిజానికి రసం ఎక్కడికీ పోలేదు. నిల్వలో పెక్టిన్ బలహీనపడటంతో, పంటి కింద కణాలు పగలకుండా ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. రసం కణంలోనే ఉండిపోతుంది, నాలుకకు అందదు. అలాంటి పండు దొరికితే పారేయకండి, తురిమి కేకులో వేస్తే ఏ లోటూ తెలియదు.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా, పిండి పొరలో యాపిల్ ముక్కలు పెట్టి కాల్చే ‘పై’ (pie) జోలికి పోవద్దని. దాని పైపొర పొరలు పొరలుగా రావాలంటే వెన్న గట్టి ముక్కలుగానే పిండిలో ఉండాలి, ఓవెన్ వేడి తగిలాకే కరగాలి. వెన్న పూర్తిగా కరిగేది 32 నుంచి 35 డిగ్రీల మధ్య. మే నెలలో విశాఖ వంటిల్లు అంతకంటే చల్లగా ఉంటుందా? పిండి కలిపేలోపే వెన్న జావైపోతుంది, పొరలు రావు. అంత సరదా ఉంటే డిసెంబరు, జనవరి ఉదయాల్లో ప్రయత్నించవచ్చు.

దానికి బదులు క్రంబుల్ చేయండి. కింద యాపిల్ ముక్కలు, పైన పొడిపొడిగా కలిపిన పిండి, అంతే. వెన్న బదులు నెయ్యి వాడటం మన వాతావరణానికి ఇంకా నయం. వెన్నలో కొవ్వు సుమారు 80 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ భాగం నీరు. నేతిలో నీరు దాదాపు ఉండదు. గోధుమలోని ప్రొటీన్లు నీటితో కలిస్తేనే గ్లూటెన్ అనే సాగే జిగురు తయారవుతుంది. అది రొట్టెకు వరం, క్రంబుల్‌కు శాపం. నెయ్యి పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి నీరు తగలనివ్వదు కాబట్టి పొడి నోట్లో ఇట్టే విరిగిపోతుంది. ఇంగ్లిష్ వంటల్లో 100 గ్రాముల వెన్న అని ఉన్నచోట 80 గ్రాముల నెయ్యి సరిపోతుంది. 120 గ్రాముల గోధుమ పిండి లేదా మైదా, 60 గ్రాముల పంచదార, 50 గ్రాముల నెయ్యి, చిటికెడు ఉప్పు తీసుకోండి. నెయ్యి పూర్తిగా ద్రవంగా ఉంటే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, పూస కట్టాక వేళ్ల కొసలతో పిండిలో నలపండి. అరచేతుల వేడి తగలకుండా వేళ్ల కొసలతోనే కలపాలి.

ఇక నీటి సంగతి. ఈ వంటలో సగం విద్య అదే. 600 గ్రాముల యాపిల్ ముక్కల్లో అర లీటరు దాకా నీరుంటుంది. మామూలు గాలి పీడనంలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. తడి ఉన్నంతసేపు ఆ చోటు అంతకంటే వేడెక్కదు. పిండిలోని ప్రొటీన్లు, చక్కెరలు కలిసి గోధుమ రంగు, కమ్మని వాసన పుట్టించే మెయిలార్డ్ చర్య చురుగ్గా సాగేది 140 డిగ్రీల పైనే. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామిల్ మెయిలార్డ్ 1912లో దీన్ని వివరించాడు. అంటే కింద నుంచి ఆవిరి తన్నుకొస్తున్నంతసేపు పైపొర ఉడుకుతుంది తప్ప వేగదు. ఓవెన్ 180 డిగ్రీల మీద ఉన్నా అంతే.

అందుకని యాపిల్ నీటిని ముందే కొంత బయటికి లాగాలి. ముక్కలకు నిమ్మరసం, రెండు మూడు చెంచాల పంచదార కలిపి అరగంట ఉంచండి. కణాల లోపలికంటే బయట చక్కెర ఎక్కువైంది కాబట్టి నీరు కణాల నుంచి బయటికి వస్తుంది, ఊరగాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరేది కూడా ఈ సూత్రంతోనే. ఆ రసాన్ని వంపి, గిన్నెలో మరిగించి పాకంలా చిక్కబడ్డాక మళ్లీ ముక్కల మీద పోయండి. రుచి ఎక్కడికీ పోలేదు, పోయింది నీరొక్కటే. దాల్చినచెక్క పొడి ఇప్పుడు కలపండి. పైన పిండి పొడి చల్లి 180 డిగ్రీల దగ్గర 35 నుంచి 40 నిమిషాలు. ఓటీజీ (ఇళ్లలో వాడే చిన్న కరెంటు ఓవెన్) మీటలు చూపే అంకెకూ లోపలి వేడికీ తేడా ఉండటం మామూలే. గడియారాన్ని కాకుండా రంగును, అంచుల్లో బుడగలను నమ్మండి.

బెల్లం వాడవచ్చా? అనకాపల్లి ఇంత దగ్గర పెట్టుకుని ఆ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుంది! యాపిల్‌కు బెల్లం రుచి బాగా నప్పుతుంది. అయితే బెల్లంలో చెరకు చక్కెరతోపాటు కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. అవి గాలిలో తేమను తొందరగా పీల్చుకుంటాయి. మన తీరంలో ఏడాదిలో చాలా నెలలు గాలి తేమ 70 శాతం పైనే. బెల్లంతో చేసిన పైపొర ఉదయం కరకరలాడినా సాయంత్రానికి మెత్తబడుతుంది. బెల్లం కింద ముక్కల్లో వేయండి, పైపొరకు పంచదార ఉంచండి.

ఓవెన్ లేనివాళ్లు కుక్కర్‌లో చేస్తారు. అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి, గాస్కెట్, విజిల్ తీసేసి మూత పెట్టడం అందరికీ తెలిసిందే. ఉప్పు పని మంట వేడిని నిలిపి అడుగంతా సమంగా పంచడం. ఓటీజీలో పైన కాలే కడ్డీ నుంచి వేడి కిరణాల రూపంలో నేరుగా పైపొర మీద పడుతుంది. కుక్కర్‌లో అది లేదు. అందుకే కుక్కర్‌లో కేకు బాగా వస్తుంది, క్రంబుల్ పైన పాలిపోయినట్టే ఉంటుంది. దీనికొక అడ్డదారి ఉంది. పైపొర పొడిని బాణలిలో సన్నని సెగ మీద ఎర్రగా వేయించి పక్కన పెట్టుకోండి. యాపిల్ ముక్కల్ని విడిగా మగ్గించి, తినేముందు ఆ పొడి చల్లుకోండి. ఆవిరి దాన్ని తాకే అవకాశమే లేదు. నిజం చెప్పాలంటే విశాఖ వానాకాలంలో ఓవెన్ ఉన్నవాళ్లకు కూడా ఇదే మంచి పద్ధతి.

పండును పండుగానే కాల్చడం అన్నింటికంటే తేలిక. గింజల భాగం తొలిచేసి, అడుగు చిల్లు పడకుండా చూసి, లోపల బెల్లం, పలాస జీడిపప్పు, కిస్మిస్, చెంచా నెయ్యి కూరండి. నడుం చుట్టూ తొక్క మీద కత్తితో సన్నటి గాటు పెట్టడం మరిచిపోవద్దు. యాపిల్ పరిమాణంలో సుమారు పావు వంతు గాలే, నీళ్లలో వేస్తే తేలేది అందుకే. వేడికి ఆ గాలి వ్యాకోచిస్తుంది, ఆవిరి తోడవుతుంది. గాటు లేకపోతే తొక్క ఇష్టం వచ్చినచోట చిట్లుతుంది.

కేకు విషయానికొస్తే, 150 గ్రాముల మైదా, 100 గ్రాముల పంచదార, 120 గ్రాముల యాపిల్ తురుము, ఐదు టేబుల్ స్పూన్ల పెరుగు, 60 మిల్లీలీటర్ల నూనె, ఒక టీ స్పూన్ బేకింగ్ పౌడర్, పావు టీ స్పూన్ వంట సోడా. గుడ్డు అవసరం లేదు. పెరుగులోని పులుపు వంట సోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ బుడగలు పుట్టిస్తుంది. బేకింగ్ పౌడర్‌లో ఆమ్లం, సోడా రెండూ ముందే కలిసి ఉంటాయి. ఇంగ్లండ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే రసాయన నిపుణుడు 1843లో దీన్ని తయారుచేసింది ఈస్టు పడని భార్య కోసం. తడీ పొడీ కలిశాక ఎక్కువ గిలకొట్టకండి, గ్లూటెన్ సాగి కేకు రబ్బరులా తయారవుతుంది. పెరుగూ సోడా కలిసిన క్షణం నుంచే బుడగలు పోతుంటాయి కాబట్టి ఓవెన్ ముందే వేడెక్కి ఉండాలి. 180 డిగ్రీల దగ్గర 35 నిమిషాల తర్వాత పుల్ల గుచ్చి చూడండి. యాపిల్ తురుము తగిలితే పుల్లకు కాస్త తడి అంటుతుంది, అది పచ్చి పిండి కాదు.

వేడివేడిగా కోయాలన్న ఆత్రం మాత్రం ఆపుకోవాలి. ఉడికిన పిండిలోని స్టార్చ్ చల్లారుతూ గట్టిపడుతుంది, అప్పుడే కేకు నిలబడుతుంది. పొయ్యి దించగానే కోస్తే కత్తికి జిగురుగా అంటుకుంటుంది. తర్వాత ఎక్కడ ఉంచాలన్నది మన ఊళ్లో చిన్న చిక్కు. ఫ్రిజ్ చలిలో స్టార్చ్ మరింత తొందరగా బిరుసెక్కుతుంది. బయట ఉంచితే ఈ తేమలో, ఇంత పండు ఉన్న కేకు రెండో రోజుకే బూజు పట్టవచ్చు. మొదటి రోజు గాలి చొరని డబ్బాలో బయటే ఉంచి, మిగిలింది ఫ్రిజ్‌లోకి మార్చడం నయం. తినేముందు ముక్కను బాగా వేడెక్కేదాకా వెచ్చబెడితే బిరుసెక్కిన స్టార్చ్ మళ్లీ మెత్తబడుతుంది.