డాకర్ పందెం: దారి పక్క ఊళ్ల కథ

ఏటా జనవరి మొదటి రెండు వారాల్లో, ఒంగోలు చుట్టుపక్కల బండలాగుడు పోటీలకు ఎడ్లను మేపి సిద్ధం చేసే రోజుల్లోనే, మన కుర్రాళ్ల ఫోన్లలో ఇంకో పందెం తిరుగుతుంటుంది. ఇసుక దిబ్బ అంచు మీంచి గాల్లోకి లేచే బైకు, వెనకాల కిలోమీటరు పొడవున దుమ్ము. అది డాకర్ ర్యాలీ. ఆ వీడియోలు చూసి మైపాడు, కొత్తపట్నం బీచ్‌లలో బండి దించి, వెనక చక్రం సగానికి కూరుకుపోయి దిక్కులు చూసేవాళ్లుంటారు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, నలుగురు పట్టి లాగితే బండి బయటికొస్తుంది. అసలు చిక్కు బైపాస్‌ల మీద. సైలెన్సర్ మార్చిన బండ్లతో రాత్రిపూట హైవే మీద పందెం వేసుకునే కుర్రాణ్ణి ఎవరైనా ఆపి అడిగితే, 'డాకర్‌లో కూడా మామూలు రోడ్ల మీదే కదా వెళ్తారు, ఊళ్ల మధ్య నుంచే కదా' అంటాడు. నిజమే, ఊళ్ల మధ్య నుంచే వెళ్లేవాళ్లు. అలా వెళ్లినందుకు ఏం జరిగింది, ఆ తర్వాత రూల్స్ ఎలా మారాయి అన్నది ఆ వీడియోల్లో ఉండదు. అందుకే ఈ కథ మొదటినుంచీ చెప్పుకోవాలి.

1977 జనవరిలో తియరీ సబీన్ అనే ఫ్రెంచ్ యువకుడు, ఆఫ్రికాలోని అబిజాన్ నుంచి ఫ్రాన్స్‌లోని నీస్ దాకా జరిగిన ర్యాలీలో మోటారు సైకిల్ మీద వెళ్తూ లిబియా ఎడారిలో దారి తప్పాడు. నీళ్లు లేవు, ఆశ అడుగంటింది. వెతికేవాళ్ల కంటబడి ప్రాణాలతో బయటపడ్డాడు. ఇంకొకరైతే ఎడారి పేరెత్తితేనే దండం పెట్టేవారు. సబీన్ మాత్రం ఇంటికి చేరి, అదే ఎడారి మీదుగా పెద్ద పందెం నడపాలని పూనుకున్నాడు. 1978 డిసెంబర్ 26న పారిస్‌లోని ట్రోకాడెరో నుంచి 182 వాహనాలు బయల్దేరాయి. గమ్యం సెనెగల్ రాజధాని డాకర్, దూరం సుమారు 10,000 కిలోమీటర్లు. మన రాష్ట్రంలో ఇచ్ఛాపురం నుంచి తడ దాకా హైవే వెయ్యి కిలోమీటర్లు చిల్లర. దాని మీద అయిదుసార్లు వెళ్లి అయిదుసార్లు తిరిగొచ్చినంత దూరమన్నమాట, అందులో చాలాభాగం తారన్నదే లేని దారి. చివరిదాకా చేరినవి 74. కార్లూ బైకులూ అప్పుడు ఒకే జాబితాలో ఉండేవి. ఆ జాబితాలో మొదటి పేరు ఒక బైకుదే: 500 సీసీ, ఒకే సిలిండర్ ఉన్న యమహా ఎక్స్‌టీ. దాన్ని నడిపిన సిరిల్ నెవో తర్వాత మరో నాలుగుసార్లు గెలిచాడు. ఆ తొలి ఏడాదే ప్రాణనష్టం కూడా మొదలైంది. నైజర్‌లోని అగాడెజ్ దగ్గర నడుస్తున్న బండి మీద హెల్మెట్ సర్దుకుంటూ పడిపోయి ఒక రైడర్ చనిపోయాడు.

'వెళ్లేవాళ్లకు సవాలు, ఉండిపోయేవాళ్లకు కల' అని సబీన్ తన పందెం గురించి చెప్పేవాడు. నలభై ఏళ్లు దాటినా ఈ మాటను ఇప్పటికీ తలుచుకుంటారు. అందమైన మాటే. కానీ అందులో రెండు రకాల మనుషులే ఉన్నారు. బండెక్కి వెళ్లేవాళ్లు, యూరప్‌లో కూర్చుని టీవీ చూసేవాళ్లు. ఆ బండ్లు పోయే దారిలో కాపురాలున్నవాళ్లు, మేకల్ని తోలుకుపోయేవాళ్లు, బడికి రోడ్డు దాటే పిల్లలు ఆ మాటలో లేరు. డాకర్ చరిత్ర చదివినప్పుడల్లా నాకు గుచ్చుకునేది అదే.

1980ల్లో పందెం పేరు ప్రపంచమంతా పాకింది. బీఎండబ్ల్యూ, హోండా, యమహా కంపెనీలు పోటీపడి పెద్ద పెద్ద ఇంజన్లు దించాయి. 1982లో అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ కొడుకు మార్క్ కారుతో సహా ఎడారిలో దారి తప్పి ఆరు రోజులకు దొరికితే పత్రికలన్నీ అదే వార్త వేశాయి. 1986 జనవరి 14, మనకు సంక్రాంతి. ఆ సాయంత్రం మాలిలో సబీన్ ఎక్కిన హెలికాప్టర్ కూలి, ఆయనతో పాటు గాయకుడు డానియెల్ బలవోన్, మరో ముగ్గురు చనిపోయారు. పందెం పెట్టిన మనిషి పోయాడు, పందెం ఆగలేదు. మరుసటి ఏడాది ముందంజలో ఉన్న బైక్ రైడర్ యూబేర్ ఓరియోల్ ఆఖరు రోజుకు ముందు రెండు చీలమండలూ విరగ్గొట్టుకుని, ఆ కాళ్లతోనే స్టేజీ (ఒక రోజు పరుగు) చివరికి చేరి ఏడ్చిన దృశ్యం ఇప్పటికీ తిరుగుతుంటుంది. అయిదేళ్ల తర్వాత అతనే కారుతో గెలిచాడు.

1988లో మాలిలో రోడ్డు దాటుతున్న పదేళ్ల పాపను పందెం బండి గుద్ది చంపింది. అదే ర్యాలీలో మారిటేనియాలో ఒక తల్లీ కూతురూ చనిపోయారు. ఓరియోల్ కన్నీళ్లు చూసినంతమంది ఈ ముగ్గురి గురించి వినలేదు. అయినా వ్యతిరేకత గట్టిగా లేచింది. ఆకలిదప్పులతో మనుషులు చనిపోతున్న చోట ఈ డబ్బు, దర్పం ప్రదర్శించడం ఏమిటని వాటికన్ పత్రిక తప్పుపట్టింది. రైడర్లు, ప్రేక్షకులు, దారి పక్కవాళ్లు అందరూ కలిపి ఇప్పటిదాకా ఈ పందెంలో పోయిన ప్రాణాలు డెబ్బైకి పైనే.

ఆఫ్రికాను వదిలింది మాత్రం ఈ కారణంతో కాదు. 2007 డిసెంబర్ 24న మారిటేనియాలో నలుగురు ఫ్రెంచ్ పర్యాటకుల్ని కాల్చి చంపారు. 2008 ర్యాలీ లిస్బన్‌లో రేపు మొదలవుతుందనగా, జనవరి 4న రద్దు చేశారు. 2009 నుంచి 2019 దాకా పందెం దక్షిణ అమెరికాలో నడిచింది. అక్కడ రోడ్ల పక్కన జనం లక్షల్లో నిలబడ్డారు. 2010లో అర్జెంటీనాలో మొదటి స్టేజీలోనే, చూడ్డానికొచ్చిన ఒక యువతి కారు కింద పడి చనిపోయింది. అటకామా ఎడారిలో పురాతన అవశేషాలు చక్రాల కింద నలుగుతున్నాయని చిలీ పురావస్తు నిపుణులు మొరపెట్టుకున్నారు. ఒక్కో దేశమే తప్పుకుంటూ, 2019 నాటికి పెరూ ఒక్కటే మిగిలింది. 2020లో సౌదీ అరేబియాకు చేరింది. పేరులో డాకర్ ఉంది కానీ పందెం డాకర్ ముఖం చూసి పదిహేనేళ్లు దాటింది. సౌదీలో అది హాయిల్, యాంబు, దమ్మామ్ లాంటి ఊళ్ల మీదుగా పోయింది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు గల్ఫ్ కుటుంబాలకు ఇవి కొత్త పేర్లేమీ కావు.

రూల్స్ ఎలా మారాయో చూస్తే మన బైపాస్ వాదన తేలిపోతుంది. 2011 నుంచి బైకులకు 450 సీసీ మించకూడదన్నారు. రాకాసి ఇంజన్ల కాలం అక్కడితో సరి. అంతకన్నా ముఖ్యమైనది రోడ్‌బుక్. హ్యాండిల్ మీద చిన్న పెట్టె, అందులో చుట్టిన కాగితం రోలు. ఎడమ చేతి బొటనవేలితో మీట నొక్కితే ముందుకు జరుగుతుంది. ఒక్కో వరుసలో మూడే సంగతులు: ఎన్నో కిలోమీటరు, అక్కడ దారి ఎలా చీలుతుందో చిన్న బొమ్మ, పక్కన గుర్తులు. ఒక ఆశ్చర్యార్థకముంటే జాగ్రత్త, మూడుంటే ప్రాణగండం. డిగ్రీల్లో దిక్కు ఇచ్చి వదిలేసిన వరుసలూ ఉంటాయి. అక్కడ దారే ఉండదు, దిక్సూచి చూసుకుని పోవడమే. ఇప్పుడు కాగితం స్థానంలో ట్యాబ్లెట్ వచ్చింది, పద్ధతి అదే. జీపీఎస్ దారి చూపదు. చేరాల్సిన గుర్తుకు దగ్గరగా వెళ్తేనే బాణం కనిపిస్తుంది, తప్పిపోతే సమయం కోత. నిలబడి బండి నడుపుతూ, మీటరు చూస్తూ, కాగితం చదువుతూ రోజుకు నాలుగైదు వందల కిలోమీటర్లు పోవాలి. వీడియోల్లో ఎగిరే అయిదు సెకన్లు చూసి ఇది వేగం పందెం అనుకుంటున్నాం. గెలిచినవాళ్లంతా చదవగలిగినవాళ్లు.

అదే రోడ్‌బుక్‌లో డీజెడ్, ఎఫ్‌జెడ్ అని రెండు గుర్తులుంటాయి. ఊరు మొదలయ్యే చోట ఒకటి, అయిపోయే చోట ఒకటి. ఆ రెండింటి మధ్య గంటకు 30, 50 కిలోమీటర్లు అంటూ వేగ పరిమితి ఉంటుంది. దాటితే జీపీఎస్ పట్టేస్తుంది, జరిమానా పడుతుంది. ప్రపంచంలోకెల్లా పేరున్న ఆ రైడర్లు ఊరొచ్చేసరికి మన షేర్ ఆటో కన్నా నెమ్మదిగా పోతారు. సబీన్ మాటలో చోటు దక్కనివాళ్లకు రోడ్‌బుక్‌లో చోటు దక్కడానికి అన్నేళ్లు పట్టింది, అన్ని ప్రాణాలు పోయాయి.

మనవాళ్ల కథ 2015లో మొదలైంది. బెంగళూరుకు చెందిన సి.ఎస్. సంతోష్ మొదటిసారి వెళ్లి 36వ స్థానంలో ముగించాడు. డాకర్ పూర్తిచేసిన తొలి భారతీయుడు అతనే. 2017లో హీరో కంపెనీ సొంత జట్టు దించింది. తడ అవతల శ్రీసిటీ పక్కన హీరో బైకుల ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మన వైపు కుర్రాళ్లకు ఈ జట్టంటే కొంచెం సొంతమనిపిస్తుంది. ఎడారి బైకు మాత్రం అక్కడ తయారయ్యేది కాదు, జర్మనీలోని స్పీడ్‌బ్రెయిన్ సంస్థతో కలిసి మొదలుపెట్టింది. ఆ జట్టులో పావులో గొన్సాల్వెస్ అనే పోర్చుగల్ రైడర్ ఉండేవాడు. 2016లో వేరే జట్టుకు ఆడుతూ, తొడ ఎముక విరిగి పడిపోయిన పోటీదారు కోసం తన పరుగు ఆపి, సాయం వచ్చేదాకా పక్కనే ఉన్నాడు. 2020 జనవరి 12న రియాద్ దాటాక అతనే పడిపోయాడు, ప్రాణం దక్కలేదు. వెనకొస్తున్న మరో రైడర్ టోబీ ప్రైస్ కూడా తన పరుగు ఆపి అతని దగ్గరే ఉన్నాడు. హీరో జట్టు ఆ ఏడాది తప్పుకుంది. 2021లో సంతోష్ పడి తలకు దెబ్బ తగిలి, రియాద్ ఆసుపత్రిలో కోమాలో ఉండి బతికి వచ్చాడు. 2022లో గొన్సాల్వెస్ దగ్గరి బంధువు జోవాకిం రోడ్రిగ్స్ హీరోకు తొలి స్టేజీ గెలుపు ఇచ్చాడు. 2024లో బోత్స్వానాకు చెందిన రాస్ బ్రాంచ్ హీరో బైకు మీద మొత్తం పోటీలో రెండో స్థానం తెచ్చాడు. అదే ఏడాది కేరళ యువకుడు హరిత్ నోవా టీవీఎస్ షెర్కో బైకుతో ర్యాలీ 2 అనే రెండో శ్రేణి విభాగం గెలిచి, మొత్తం మీద 11వ వాడిగా నిలిచాడు.

పందేలను సరైన చోటికి మార్చడం మన దగ్గరా ఒకసారి జరిగింది. నెల్లూరు నుంచి మద్రాసు వెళ్లే దారిలో, ఊరు చేరబోయే ముందు షోళవరం వస్తుంది. యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద అక్కడ దశాబ్దాల పాటు కారు, బైకు రేసులు జరిగాయి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని నడిపేది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకుని అక్కడికి మారింది. నెల్లూరు నుంచి అది ఓ పూట ప్రయాణం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అలాంటిదేమీ లేదు. తీరం పొడవునా ఇంత ఇసుక పెట్టుకుని, కనీసం ఒక మోటోక్రాస్ (మట్టి మీద బైకు పందేల) మైదానమైనా లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది. కొడవలూరు, సింగరాయకొండ, టంగుటూరు దగ్గర హైవే దాటే మనుషులకు ఏ రోడ్‌బుక్‌లోనూ గుర్తులు లేవు. బైపాస్ మీద పందెం వేసే ఆ కుర్రాడికి దుమ్ములో తిప్పుకోవడానికి చోటు చూపించాల్సిన బాధ్యత జిల్లా క్రీడల శాఖది, పోలీసులది. అది అడగడానికి బైక్ క్లబ్బులే ముందుకు రావాలి.