మోకాలి గుజ్జు వివాదం: కొలరాడో కేసు దగ్గరే దారి మళ్లింది

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి లేని స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లను కీళ్ల సమస్యలకు, నొప్పులకు, మానని పుండ్లకు ఫ్లోరిడా డాక్టర్లు ఇప్పుడు చట్టబద్ధంగానే ఇవ్వొచ్చు. 2025 జూలై 1న అమల్లోకి వచ్చిన ఆ రాష్ట్ర చట్టం అందుకు వీలిచ్చింది. అనుమతి లేదన్న సంగతి పేషెంటుకు ముందే చెప్పి సంతకం తీసుకోవాలి. అమెరికా ఫెడరల్ (కేంద్ర) చట్టం మాత్రం మారలేదు. అంటే ఒకే సూది రాష్ట్రం లెక్కలో వైద్యం, ఎఫ్‌డీఏ లెక్కలో అనుమతి లేని మందు. అమెరికాలో స్థిరపడిన మనవాళ్ల పిల్లలు మోకాళ్ల నొప్పులతో బాధపడే అమ్మానాన్నల కోసం దీని గురించి ఆరా తీయడం మొదలుపెట్టారు కాబట్టి, ఈ గొడవ ఎక్కడ పుట్టిందో తెలిసి ఉండటం మంచిది.

కీళ్లు ఎలా అరుగుతాయి, స్టెమ్ సెల్ అంటే ఏమిటి అన్న పాఠం ఇక్కడ అక్కర్లేదు. ఒక్క విషయం గుర్తుంటే చాలు. మనం గుజ్జు అనే కార్టిలేజ్‌లో రక్తనాళాలు ఉండవు. అందుకే దెబ్బతింటే చర్మంలా, ఎముకలా తనంతట తాను మానదు. "గుజ్జు మళ్లీ పెరుగుతుంది" అన్న మాటకు అంత గిరాకీ అందుకే.

నా దృష్టిలో అసలు మలుపు కొలరాడోలోని బ్రూమ్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో వచ్చింది. అక్కడ క్రిస్టొఫర్ సెంటెనో, జాన్ షుల్జ్ అనే ఇద్దరు డాక్టర్లు రీజెనెక్స్ పేరుతో ఒక చికిత్స చేసేవారు. పేషెంటు ఎముక మజ్జ తీసి, అందులోని కణాలను వేరు చేసి, ల్యాబ్‌లో పెంచి, తిరిగి అదే మనిషి కీలులోకి ఎక్కించేవారు. 2008 జూలైలో ఎఫ్‌డీఏ వాళ్లకు లేఖ రాసింది. మీరు చేస్తున్నది మందు తయారీ, దానికి అనుమతి కావాలి అని. డాక్టర్లు కోర్టుకెక్కారు. 2010లో ఎఫ్‌డీఏ కూడా కేసు వేసింది.

డాక్టర్ల వాదన సూటిగా ఉంది. పేషెంటు ఒంట్లోంచి తీసిందే ఆ పేషెంటుకు ఇస్తున్నాం, ఇది మందు కాదు, వైద్యం, వైద్యం సంగతి చూసుకోవాల్సింది రాష్ట్రం అన్నారు. ఫ్లోరిడా చట్టం వెనక ఉన్నదీ దాదాపు ఇదే మాట.

ఎఫ్‌డీఏ ఇంకో మాట అంది. కణాలను పాత్రలో వేసి రోజుల తరబడి పెంచితే అవి తీసినప్పటిలా ఉండవు. 2005 నుంచి పూర్తిగా అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం కణజాలాన్ని పెద్దగా మార్చకుండా వాడితే ఒక దారి, అంతకు మించి మారిస్తే మందుల దారి. పైగా బ్యాక్టీరియా చేరకుండా ఆ కణాల్లో కలిపే డాక్సీసైక్లిన్ వేరే రాష్ట్రం నుంచి వస్తోంది కాబట్టి ఫెడరల్ చట్టం వర్తిస్తుందని వాదించింది. 2012 జూలైలో జిల్లా కోర్టు ఎఫ్‌డీఏ వైపు నిలిచింది. 2014 ఫిబ్రవరి 4న వాషింగ్టన్ డీసీ అప్పీలు కోర్టు దాన్నే ఖాయం చేసింది. సొంత కణాలైనా సరే, అంతగా మారిస్తే మందే.

తీర్పులో నాకు తప్పేమీ కనిపించదు. కానీ దాని తర్వాత చర్చంతా "కణాన్ని ఎంత మార్చారు" అన్నదాని చుట్టూనే తిరిగింది. "మోకాలికి పనిచేస్తుందా" అన్న ప్రశ్న వెనక్కి పోయింది. ల్యాబ్‌లో పెంచే చికిత్స కేమన్ దీవులకు మారింది. అమెరికాలో మాత్రం ఉదయం మజ్జ తీసి, యంత్రంలో తిప్పి, అదే రోజు గుచ్చే పద్ధతి మిగిలింది. దాన్ని పట్టుకుని క్లినిక్కులు ఎలా పెరిగాయో చూడండి. 2016లో పరిశోధకులు లెక్కపెడితే స్టెమ్ సెల్ క్లినిక్కులు 570. 2021 లెక్కలో 2,754.

2017 నవంబరులో కొత్త మార్గదర్శకాలు ఇచ్చిన ఎఫ్‌డీఏ, సర్దుకోవడానికి క్లినిక్కులకు 36 నెలల గడువిచ్చింది. తర్వాత దాన్ని 2021 మే 31 వరకు పొడిగించింది. మెతకగా ఉండకూడని సమయమది. అప్పటికే ఫ్లోరిడాలో సొంత కొవ్వు నుంచి తీసిన కణాలను కంట్లో వేయించుకున్న ముగ్గురు పెద్దావిడల చూపు దారుణంగా దెబ్బతింది. 2018లో బొడ్డుతాడు రక్తంతో చేసిన ఇంజెక్షన్ల వల్ల టెక్సస్, ఫ్లోరిడా, అరిజోనాల్లో 12 మంది ఇన్ఫెక్షన్లతో ఆస్పత్రి పాలయ్యారు. కొవ్వు కణాలు కూడా మందే అని ఒక అప్పీలు కోర్టు 2021లో, ఇంకొకటి 2024 సెప్టెంబరులో తేల్చి చెప్పాయి.

పనిచేస్తుందా అన్న ప్రశ్నను నేరుగా అడిగిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2023లో నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మోకీళ్లు అరిగిన దాదాపు 480 మందిలో కొందరికి సొంత మజ్జ కణాలు, కొందరికి కొవ్వు కణాలు, కొందరికి బొడ్డుతాడు కణాలు, మిగిలినవారికి మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాది తర్వాత చూస్తే నొప్పి విషయంలో ఏ కణమూ స్టెరాయిడ్‌ను మించలేదు. ఎమ్మారైలోనూ తేడా లేదు. అలాగని ఎవరికీ తగ్గలేదని కాదు, అన్ని గుంపుల్లోనూ నొప్పి తగ్గింది. అందుకే "నాకు తగ్గిందండీ" అని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నారని అనలేం. వేలు పోసి కొన్న కణం వల్లే తగ్గిందని మాత్రం ఆ లెక్క చెప్పదు. సొంత రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్ సంగతీ అంతే. 288 మందితో ఆస్ట్రేలియాలో చేసిన ట్రయల్‌లో అది ఉప్పునీటి సూదిని దాటలేదని 2021లో తేలింది.

గుజ్జు చికిత్సలన్నీ ఒక్క గాటన కట్టేయడం కూడా తప్పే. రోగి కార్టిలేజ్ కణాలనే పెంచి అమర్చే పద్ధతికి ఎఫ్‌డీఏ 1997లోనే అనుమతిచ్చింది, దాని మెరుగైన రూపానికి 2016లో ఇచ్చింది. కాకపోతే అది దెబ్బ తగిలి ఒకచోట ఊడిన గుజ్జుకు. గచ్చులో పడిన గుంట పూడ్చడం ఒకటి, గచ్చంతా అరిగిపోవడం ఒకటి. అరవై దాటిన మన పెద్దవాళ్లలో ఎక్కువమందిది రెండోది.

"ఎంత మార్చారు" అన్న ఆ గీత మన దేశానికీ వచ్చింది. 2019 కొత్త మందుల నిబంధనల్లో, బాగా మార్పు చేసిన స్టెమ్ సెల్ ఉత్పత్తులను కొత్త మందుల కింద చేర్చారు. అంతకు ముందే 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మార్గదర్శకాలు, ఆమోదం ఉన్న మజ్జ మార్పిడి వంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ట్రయల్‌గానే జరగాలన్నాయి. ఆ దారిలో నడిచినవాళ్లూ ఉన్నారు. బెంగళూరు కంపెనీ స్టెంప్యూటిక్స్ దాతల మజ్జ కణాలతో చేసిన మోకాలి ఇంజెక్షన్‌ను ట్రయల్స్‌లో పరీక్షించి, 2022లో మన డ్రగ్ కంట్రోలర్ అనుమతి తెచ్చుకుంది.

ఫ్లోరిడా సంతకం పత్రంలో ఎఫ్‌డీఏ అనుమతి లేదన్న మాటతో పాటు, చికిత్సతో ఏం ఫలితం ఆశించవచ్చో కూడా పేషెంటుకు వివరించాలని చట్టం చెబుతోంది. మోకాలి నొప్పితో వచ్చిన మనిషికి ఆ చోట 2023 ట్రయల్ ఫలితం చూపిస్తారా, గుజ్జు పెరుగుతుందని రాస్తారా అన్నది చూడాలి.