కూతకు ముందే గుండె పరుగు

కబడ్డీ మ్యాచ్ పది గంటలకు అన్నారు. నాకు మాత్రం తెల్లవారుజామున నాలుగున్నరకే మొదలైంది. హనుమకొండలో, హాస్టల్ గదిలో, డిసెంబరు చలికి దుప్పటి ముసుగేసుకుని కదలకుండా పడుకునే ఉన్నాను. మణికట్టు మీద వేలు పెట్టి లెక్కపెడితే నాడి నిమిషానికి 96. మామూలుగా ఆ వేళకు 60 దాటదు.

పడుకున్నవాడి గుండె ఎందుకు పరిగెత్తాలి? అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల అంటారు అందరూ. అది సగం జవాబే. గుండెకు సొంత లయ ఒకటుంది. కుడి కర్ణిక, అంటే గుండెలో కుడివైపు పై గది, దాని గోడలో ఉండే చిన్న కణాల ముద్ద, ఎవరి ఆజ్ఞా లేకుండానే నిమిషానికి దాదాపు 100 సార్లు గుండెను కొట్టించగలదు. ఊరికే కూర్చున్నప్పుడు మన గుండె 70 దగ్గర ఆగుతోందంటే, మెదడు నుంచి దిగివచ్చే వేగస్ నాడి దాన్ని పట్టి ఉంచుతోందని అర్థం. దిగుడు రోడ్డులో సైకిల్ బ్రేకు పట్టుకుని దిగుతామే, అలాగన్నమాట. మ్యాచ్ గుర్తుకు రాగానే మెదడు ముందు ఆ బ్రేకు వదులుతుంది. దానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ఆ తర్వాత మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఊపిరి గొట్టాలు వెడల్పవుతాయి, కాలేయం దాచుకున్న చక్కెరను బయటికి తీస్తుంది. ఆట ఇంకా ఐదున్నర గంటల దూరంలో ఉందని వీటికి ఎవరూ చెప్పరు.

ఆ రోజు మెస్‌లో పూరీ. మాకు ఆటలు నేర్పే పీడీ సార్ వచ్చి, "పూరీ ముట్టొద్దురా, రెండు ఇడ్లీ తిని లేవండి" అన్నారు. అప్పుడు తిట్టుకున్నాం కానీ ఆయన మాటలో శాస్త్రం ఉంది. టెన్షన్ వేళ మెదడులో సీఆర్‌ఎఫ్ అనే రసాయనం పనిచేస్తుంది. అది జీర్ణాశయాన్ని నెమ్మది చేసి, పెద్దపేగును తొందరపెడుతుంది. అంటే పైన తిన్నది కదలదు, కింద ఉన్నది ఆగదు. మ్యాచ్ రోజు బాత్రూం ముందు రెండు జట్లవాళ్లూ ఒకే వరసలో నిలబడేది అందుకే.

పదింటికి గ్రౌండ్‌లో ఉన్నాం. వార్మప్ అయింది, చెమట పట్టింది. ముఖ్య అతిథి రాలేదు. "కాసేపట్లో" అని మైకులో అన్నారు. పావుగంటకు మళ్లీ అదే మాట. రక్తంలోకి చేరిన అడ్రినలిన్ రెండు మూడు నిమిషాల్లోనే సగమైపోతుంది. అయినా దడ తగ్గలేదంటే, మైకు మోగిన ప్రతిసారీ శరీరం మళ్లీ కొత్తగా పోస్తోందన్నమాట. మన వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవన్‌జీ 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కాంస్యం గెలిచింది. అలాంటి పోటీల్లో రేసు ఎన్నింటికో ముందే తెలుస్తుంది కాబట్టి తిండి, వార్మప్ అన్నీ ఆ నిమిషం నుంచి వెనక్కి లెక్కేసుకోవచ్చు. మాకు ఆ నిమిషమే తెలియదు. పన్నెండయ్యేసరికి కాళ్లు దూదిపింజల్లా ఉన్నాయి.

మా రైడర్ ఒక్కడే గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, సన్నగా "కబడ్డీ కబడ్డీ" అంటూ కూర్చున్నాడు. మేం నవ్వాం. నిజానికి ఊపిరి పీల్చినప్పుడు వేగస్ పట్టు కాస్త సడలుతుంది, వదిలినప్పుడు మళ్లీ బిగుస్తుంది. నాడి మీద వేలు పెట్టుకుని నెమ్మదిగా గాలి వదిలి చూడండి, తేడా వేలికే తెలుస్తుంది. కూత అంటే ఒకే ఊపిరిని వదులుతూ పలకడమే కదా. 30 సెకన్ల అసలు కూతలో శ్రమ ముందు ఈ తేడా లెక్కలోకి రాదు. గోడ దగ్గర కూర్చున్నవాడికి మాత్రం పనికొస్తుంది.

ఎంత టెన్షన్ ఉంటే మంచిది అని అడిగితే అందరూ మనస్తత్వ శాస్త్రవేత్తలు యెర్క్స్, డాడ్సన్‌ల 1908 నాటి సూత్రం చెబుతారు, మరీ తక్కువా కాదు మరీ ఎక్కువా కాదు, మధ్యస్థంగా ఉంటే మేలని. వాళ్లు పరీక్షించింది ఎలుకలను, అదీ కరెంటు షాకులిచ్చి. తేలిక పనిలో షాకు పెరిగేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి, కష్టమైన పనిలో షాకు మధ్యస్థంగా ఉన్నప్పుడే బాగా నేర్చుకున్నాయి. దాన్ని తిన్నగా కబడ్డీ కోర్టుకు తేవడం నాకు అంతగా నచ్చదు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాలు నాకు ఎక్కువ నచ్చాయి. పాడే ముందు, మాట్లాడే ముందు, లెక్కలు చేసే ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అనుకున్నవాళ్లు, మనసు నెమ్మది చేసుకోవాలని చూసినవాళ్ల కంటే బాగా చేశారు. దడ రెండింట్లోనూ ఒకటే, దానికి పెట్టుకున్న పేరు వేరు. ఆటగాళ్ల మీద కాదు ఈ ప్రయోగాలు. అయినా బ్రేకు ఒకసారి వదిలాక బలవంతంగా మళ్లీ పట్టడం ఎంత కష్టమో నాలుగున్నర నుంచి మేలుకున్న నాకు తెలుసు.

పన్నెండున్నరకు ముఖ్య అతిథి వచ్చారు. వరసగా అందరికీ చేయి కలుపుతూ నా దగ్గర ఆగి, "ఏం తమ్మీ, చేతులు గిట్ల సల్లగున్నయ్?" అన్నారు. టెన్షన్‌లో చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుని, రక్తం కండరాల వైపు మళ్లుతుంది. అందుకే వేళ్లు చల్లబడతాయి. రెండున్నర గంటలుగా మీ కోసమే సార్ అనలేక, నవ్వి ఊరుకున్నాను.